డబ్బా ఆపకూడదు

ఏప్రిల్ 27, సోమవారం

మేం చేప అని పిలిచే నా కాలేజీ నేస్తం మెసేజ్ పెట్టింది. ఇరవై రెండేళ్ల తర్వాత. సెలవు పెట్టి ఊరికి వస్తోందట. వచ్చే నెల పదో తారీఖు, ఆదివారం సాయంత్రం, సముద్రం దగ్గర అదే చోట ముగ్గురం కలవాలట. నా నూనె డబ్బా ఇంకా ఉందా అని అడిగింది. ఉంటే తను నీళ్లలో దిగుతుందట.

అప్పుడు నా చేతిలో ఎవరిదో కళ్లజోడు, స్క్రూ బిగిస్తున్నాను. నువ్వుగింజంత స్క్రూ. జారి ఎక్కడ పడిందో ఏమో. కళ్లజోళ్ల షాపు నేలంతా మోకాళ్ల మీద పాకాను. నువ్వూ ఒక జోడు చేయించుకోమ్మా, డిస్కౌంట్ ఇస్తాను అన్నాడు ఓనరు. నవ్వాను. స్క్రూ దొరకలేదు.

ఏప్రిల్ 28

డబ్బా అటక మీదే ఉంది. లేదని చెప్పేస్తాను.

ఏప్రిల్ 30

ఉందని చెప్పాను. నాకేమైనా పిచ్చా?

మే 2, శనివారం

భయం వేసినప్పుడల్లా ఆ వేసవులే గుర్తొస్తున్నాయి. మొదటి ఐదు నిమిషాలు హాయిగానే ఉంటుంది.

కాలేజీకి సెలవులు. ఎండ తగ్గగానే ముగ్గురం సైకిళ్లేసుకుని సముద్రానికి పోయేవాళ్లం. లౌడ్‌స్పీకర్ గిటారు తెచ్చేవాడు. ఆ పేరు పెట్టింది నేనే. వాడు గుసగుసలాడినా వీధి చివరికి వినబడేది. పాట ఎత్తుకుంటే పడవలు బాగుచేసుకునేవాళ్లు పని ఆపి తిరిగి చూసేవాళ్లు, మెచ్చుకుని మాత్రం కాదు. చేపది మౌత్ ఆర్గాన్. ఉప్పుగాలికి తుప్పు పట్టి అందులో రెండు స్వరాలు పలికేవి కావు. అవి రావలసిన చోట నోటితో కూసేది. నాకు ఏ వాయిద్యమూ రాదు. అందుకని మా అమ్మ కళ్లుగప్పి వంటింట్లోంచి ఖాళీ నూనె డబ్బా ఎత్తుకొచ్చాను, దరువు వేయడానికి.

ఇసుక ఇంకా వెచ్చగా ఉండేది. ఒళ్లో డబ్బా, చుట్టూ గాలి, ఎవరికీ సరిగ్గా రాని పాట. అంత సంతోషం మళ్లీ నేను ఎరగను. నా పెళ్లిలో కూడా. మా ఆయన ఇది చదవకుండా ఉంటే చాలు.

పాటలయ్యాక చేప ఈతకు దిగేది. పొద్దు గూకే వేళ అలల మధ్య ఒడ్డు ఎటుందో తెలియదట. అందుకని ఒక రూలు పెట్టుకున్నాం. చేప నీళ్లలో ఉన్నంతసేపూ డబ్బా ఆపకూడదు. ఆ చప్పుడు పట్టుకునే వెనక్కి వచ్చేది. తల కనబడకపోతే నాకు భయం, భయమేస్తే నా లయ పరుగెత్తేది. నీళ్లలోంచే తిట్టేది, మేకపిల్లలా ఆ పరుగేమిటే అని.

మే 3

రాసేస్తాను. ఈ డైరీకి తప్ప ఇంకెవరికి చెప్పుకోను?

ఆరోజు లౌడ్‌స్పీకర్‌కి జ్వరం. మేమిద్దరమే వెళ్లాం. నేను వాయిస్తుంటే గిన్నెలు తోముతున్నట్టు ఉంటుందంది చేప. వేళాకోళానికే అంది. నాకు ఒళ్లు మండిపోయింది. తను దిగిన కాసేపటికి డబ్బా పక్కన పెట్టేశాను. కాస్త కంగారు పడనీ, నా విలువ తెలిసొస్తుంది అనుకున్నాను. ఒక్క పాట సేపు. అంతే.

మళ్లీ ఎత్తుకుని ఎంత బాదినా రాలేదు. రెండు గంటల తర్వాత పడవవాళ్లు తెచ్చారు. మోకాలు రాళ్లకు చీరుకుపోయింది. డబ్బా వినబడలేదని వణుకుతూ అంది. నేను ఆపనేలేదు, నువ్వే దూరం పోయావు అని చెప్పాను. ఎంత తేలిగ్గా చెప్పానో! నమ్మేసింది. నాకే సారీ చెప్పింది. ఆ తర్వాత మళ్లీ నీళ్లలో దిగలేదు.

మే 6

ఫోన్ చేసింది. పదేళ్ల కూతురు ఈత నేర్పమని ప్రాణం తీస్తోందట. తనకేమో మోకాలి లోతు నీళ్లంటేనే భయమట. ముందు తన భయం పోవాలి, దానికి నేనూ డబ్బా ఉండాలట. ఈసారి చప్పుడు దాటి పోనని మాటిచ్చింది.

నాకు మాటిచ్చింది! సరే అన్నాను.

మే 7

ఇవాళ ఒకరి కళ్లజోడు ఇంకొకరికి ఇచ్చి పంపాను.

మే 8

మా ఆయన డబ్బా దించాడు. ఒక మూల తుప్పు తినేసింది. ఏడుపొచ్చి మొత్తం చెప్పేశాను. చాలాసేపు డబ్బా తుడుస్తూ కూచున్నాడు. ఇన్నేళ్లకి చెప్పి ఏం బావుకుంటావు, బుద్ధిగా వాయించి రా అన్నాడు.

నిజమే. చెబితే తను దిగదు. నా మొహం చూడదు. ఆ పిల్లకి ఈత రాదు. కానీ తను దిగేది నా చేతుల్ని నమ్మి. అవేం చేశాయో తెలియకుండా నమ్మి.

మే 9

రేపు అలలు ఎక్కువగా ఉంటాయని న్యూస్‌లో చెప్పారు. వాన పడితే బాగుండు.

మే 10, ఆదివారం, ఉదయం 6

వాన లేదు.

సాయంత్రం 6.10

ఇసుకలో కూచుని రాస్తున్నాను. చేతులకి ఏదో ఒక పని ఉండాలి.

లౌడ్‌స్పీకర్‌కి బట్టతల వచ్చేసింది. స్కూలు బస్సు నడుపుతాడు, పిల్లలు హారనుకి కాదు వాడి గొంతుకే పక్కకి తప్పుకుంటారట. గిటారుకి నాలుగు తీగలే మిగిలాయి. చేప కొంచెం కుంటుతుంది. నన్ను చూడగానే గట్టిగా పట్టుకుంది. ఒక పాట వాయించాం. మౌత్ ఆర్గాన్ కొత్తదే అయినా ఆ రెండు చోట్లా నోటితోనే కూసింది. పాట అయ్యేదాకా నాకు ఏ భయమూ గుర్తురాలేదు.

అప్పుడే చెప్పేశాను. గిన్నెల మాట, పక్కన పెట్టడం, ఒక్క పాట సేపు, నా అబద్ధం. అన్నీ.

చేప మోకాలి వంక చూసుకుంది. లేచి ఒడ్డమ్మట ఒక్కతే నడుచుకుంటూ పోయింది. లౌడ్‌స్పీకర్ నోట మాట లేదు. వాడు అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

వెనక్కి వస్తోంది. చెప్పులు విప్పుతోంది.

6.50

కుడిచెయ్యి డబ్బా మీద ఉంది. ఇది ఎడంచేత్తో.

వాయించమంది. అంతే. నా మొహం చూడకుండానే దిగింది.

తల కనబడటం లేదు. వాడు లేచి నిలబడ్డాడు. ఆపను.

తుప్పు అంచుకి వేలు తెగింది. ఆపను.

చీకటి పడుతోంది

నీళ్లలోంచి తిట్టు వినబడింది. మేకపిల్లలా ఆ పరుగేమిటట.