ఇంగ్లండు కరువుకు పిడికెడు కొర్రలు

యెమ్మిగనూరు,
20 నవంబరు 1952.

ప్రభువునందు ప్రియమైన మనుమరాలు దానమ్మకు, నీ జేజి ఉరుకుందమ్మ ముద్దులు పెట్టి వ్రాయునది.

నీ ఒంట్లో ఎట్లా ఉంది? ఓడలో పట్టుకున్న వాంతులు తగ్గాయా? మీ మేట్రనమ్మ ఆరోగ్యమా? ఆమెకు తల్లి ఉంటే ఆ తల్లి ఆరోగ్యమా? మీ శరణాలయంలో నలభై మంది ఉన్నారన్నావు. పేర్లు తెలియవు కాబట్టి అందరినీ కలిపి ఒక్కసారే అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దని చెప్పు. వంటామె ఆరోగ్యం మాత్రం విడిగా అడుగు. ఆమె మంచం ఎక్కితే నలభై మందీ ఎక్కినట్టే.

ఇక్కడ నేను బాగున్నాను. మోకాళ్లు బాగాలేవు. మీ నాయన జయరాజు ఆదోని పత్తి మిల్లులో పనికి పోతున్నాడు, దగ్గు ఉంది, మందు తాగడు. మేక ఈనింది. తల్లి బాగుంది, పిల్ల మీదే నాకు అనుమానం.

సేవ చేయడానికి సముద్రం దాటి పోయావు, సరే. మిషను ఆసుపత్రిలో ఆయా పని నేర్చిన పిల్లవు, నీకు చేతనవును. కానీ జీతం లేదంటున్నావు. జీతం ఇవ్వనివాళ్లు కూడు మాత్రం సరిగ్గా పెడతారా? ఏం పెడతారు, ఎట్లా పెడతారు, ఎంత పెడతారు, అంతా వివరంగా వ్రాయి. మిగతా సంగతులు వ్రాయకపోయినా పరవాలేదు.

నీ కోసం దినమూ మోకాళ్లు వేసే,
జేజి.

మరొక మాట: సముద్రం పక్కన నడవవద్దు. ఆ ఊళ్లో సముద్రం లేకపోతే చెరువు పక్కన నడవవద్దు. చెరువు కూడా లేకపోతే ఆ మాట ముందే వ్రాయవలసింది, నెల రోజులుగా నాకు నిద్ర లేదు.

*

మిల్‌ఫీల్డ్ శరణాలయం, ఇంగ్లండు,
5 డిసెంబరు 1952.

ప్రియమైన జేజికి దానమ్మ వందనాలు.

అందరమూ క్షేమం. వంటామె మిసెస్ డాసన్‌కు నీ మాట చెప్పాను. ఇరవై ఏళ్లలో తన ఆరోగ్యం అడిగినవాళ్లు లేరట. ఆ రోజు నాకు రెండు గరిటెలు ఎక్కువ పోసింది.

ఇది కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేనివాళ్లకూ, ఎవరూ లేని పిల్లలకూ, వయసు పెరిగినా మనసు పసితనంలోనే ఆగిపోయినవాళ్లకూ ఇల్లు. అందరికన్నా చిన్నది ఎల్సీ, ఏడేళ్లు. అందరికన్నా పెద్దాయన ఆర్థర్, అరవై దాటాయి. నేను వాళ్లకు స్నానం చేయిస్తాను, బట్టలు తొడుగుతాను, చక్రాల కుర్చీలు తోస్తాను. నేను ఇష్టపడి వచ్చాను కాబట్టి జీతం ఉండదు.

తిండి సంగతి అడిగావు. మధ్యాహ్నం గంట కొడతారు. నడవగలిగినవాళ్లంతా గిన్నెలు పట్టుకొని వరసలో వస్తారు. పెద్ద డేగిసాలో నుంచి గరిటెతో సూపు పోస్తాము. సూపంటే కూరగాయలు ఉడికించిన నీళ్లు, పలచగా ఉంటుంది. పక్కన ఒక రొట్టె ముక్క. యుద్ధం నాటి రేషను ఇక్కడ ఇంకా పోలేదు. మాంసం కొలతే, చక్కెర కొలతే, గుడ్డు వారానికి ఒకటి. అన్నీ పుస్తకంలో గుర్తు వేసి ఇస్తారు.

నీ మనుమరాలు,
దానమ్మ.

మరొక మాట: ఇక్కడ చెరువు ఉంది. చలికి గడ్డకట్టింది. పక్కన నడవలేదు జేజీ, మీదనే నడిచాము.

*

యెమ్మిగనూరు,
18 డిసెంబరు 1952.

నా బంగారు దానమ్మకు జేజి కన్నీళ్లతో వ్రాయునది.

నీ ఉత్తరం చదివి గోడకు చేరగిలబడ్డాను. చెరువు సంగతి తర్వాత తిడతాను.

వరస, గిన్నె, గరిటె, పలచటి నీళ్లు, పుస్తకంలో గుర్తు! ఇది ఏమిటో నాకు తెలియదనుకున్నావా? మొన్నటి కరువులో గంజి కేంద్రం ముందు ఎండలో సత్తు గిన్నె పట్టుకొని నిలబడినదాన్ని. దానమ్మా, ఆ దేశానికి కరువు వచ్చింది. నేను దిగులుపడతానని నువ్వు దాస్తున్నావు.

ఆదివారం చర్చిలో లేచి చెప్పేశాను. ఇశ్రాయేలు పాస్టరు గారు నమ్మలేదు.

"దొరల దేశానికి కరువేందమ్మా? మనకు పాలపొడి పంపినోళ్లు వాళ్లే గదా?"

"పంపి పంపి అయిపోయిండాదయ్యా!" అన్నాను.

 కూలి పనికి పోయే ఉచ్చీరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మనకు పెట్టి వాళ్లు పస్తుండారా! ఎంత మంచోళ్లో!" అని ఏడ్చింది. అక్కడికక్కడే తీర్మానం అయింది. ఎసరు పెట్టేటప్పుడల్లా చర్చి కోసం పిడికెడు గింజలు తీసి పక్క కుండలో వేస్తాము కదా. ఇక మీదట ఇంకో పిడికెడు తీసి ఇంకో కుండలో వేస్తాము. అది ఇంగ్లండు కుండ.

నువ్వు మాత్రం వచ్చిన పడవ మీదనే తిరిగి రా.

కూడు సయించని,
జేజి.

మరొక మాట: ఆ గడ్డ కింద చేపలు ఉన్నాయేమో చూడమను. కరువులో చేప మంచిది. నువ్వు చూడవద్దు, బరువు తక్కువ మనిషిని ఎవరినైనా పంపు.

*

మిల్‌ఫీల్డ్,
3 జనవరి 1953.

ప్రియమైన జేజికి,

కరువు లేదు! సూపు భోజనం కాదు, భోజనానికి ముందు తాగేది. దాని తర్వాత ఉర్లగడ్డలు, కూర, తీపి పదార్థం వస్తాయి. రేషను అంటే అందరికీ సమానంగా పంచడం, అంతే. క్రిస్మసు నాటి ఫోటో పంపుతున్నాను. నా బుగ్గలు చూస్తే నీకే తెలుస్తుంది.

జేజీ, అడగాలంటే భయంగా ఉంది. మేట్రను మిస్ ప్రాట్ నన్ను ఇంకో ఏడాది ఉండమంటున్నారు. ఎల్సీ ఎవరు పెట్టినా నోరు తెరిచేది కాదు. స్పూను పక్కన పెట్టి, మన పద్ధతిలో చేత్తో ముద్ద చేసి పెడితే తింటున్నది. నేను వచ్చేస్తే మళ్లీ మూసుకుంటుందేమో. సరేనంటే మధ్యలో ఇంటికి వచ్చి నెల రోజులు ఉండి తిరిగి రావడానికి ఓడ టిక్కెట్టు వాళ్లే ఇస్తారు. నువ్వు ఒప్పుకోకపోతే మాత్రం ఉండను.

నీ మాట కోసం చూస్తూ,
దానమ్మ.

మరొక మాట: పిడికెడు అంటే ఎంత అని మిస్ ప్రాట్ అడిగారు. పిడికిలి బిగించి చూపించాను. ఆమె రెండడుగులు వెనక్కి వేశారు.

*

యెమ్మిగనూరు,
22 జనవరి 1953.

దానమ్మకు జేజి వ్రాయునది.

ఫోటో చూశాను. మీ నాయనా చూశాడు. 

నీ బుగ్గలు ఉబ్బాయి. కడుపుకు లేనివాళ్లకు ముందు ఉబ్బేది మొహమే, ఇది నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. పైగా అందరి తలల మీదా కాగితాలు! మగ్గాల ఊళ్లో పుట్టినదాన్ని, నా కంటికి అదే ముందు ఆనింది. ఆ చలిలో తలగుడ్డకు నూలు దొరకక కాగితం చుట్టుకున్నారు. బల్ల మీద ఒక కోడి ఉంది. చుట్టూ లెక్క పెట్టాను, పంతొమ్మిది మంది. ఒక్క కోడికి! అయినా అందరూ నవ్వుతున్నారు, పాపం, ఎంత మర్యాదస్తులో.

గింజలు బాగా పోగవుతున్నాయి. హిందువుల ఇండ్ల నుంచి కూడా ఇస్తున్నారు. ఆ వీధి ఈరమ్మ "కరువుకు మతమేందక్కా" అని చాటెడు జొన్నలు పోసి పోయింది. చెరగడానికి గుడ్డి గిడ్డయ్యను పిలిచాను. ఒకప్పుడు పంచెలు నేసిన చేతులు, రాయి తగిలితే ఇట్టే పట్టేస్తాడు. వచ్చే నెల మన మిషను ఆసుపత్రి దొరసాని సెలవుకు ఇంగ్లండు ఓడ ఎక్కుతున్నది. దిండు గలేబు నిండా కొర్రలు పోసి కుట్టి ఇస్తాను. ఒక్క గలేబుకంటే ఎక్కువ పట్టదన్నది. మిగతావి తర్వాత.

ఇంకో ఏడాదా? ససేమిరా కుదరదు. మిల్లులో పని తగ్గగానే మీ నాయన మిషను బంగళాకు పోయి, నిన్ను వెనక్కి పిలిపించమని అర్జీ ఇస్తాడు.

కోపంగా ఉన్న,
జేజి.

మరొక మాట: ఎల్సీకి ముద్దలు చిన్నవి చేయి, గొంతుకు అడ్డం పడతాయి. నా కోపం వేరే, ఇది వేరే.

*

మిల్‌ఫీల్డ్,
25 మార్చి 1953.

ప్రియమైన జేజికి,

కొర్రలు చేరాయి. మిస్ ప్రాట్ గలేబు విప్పి, గింజలు చూసి, కళ్లు తుడుచుకున్నారు. "మన చిలకకు ఎంత దూరం నుంచి మేత పంపారు!" అన్నారు. ఈ దేశంలో కొర్రలు పంజరంలో పిట్టలు తినేవి జేజీ. చిలక రెండు ముక్కులు తినేలోపల లాక్కొని అన్నం వండాను. ఆర్థర్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. అప్పటి నుంచి చిలక వైపు గుర్రుగా చూస్తున్నాడు.

ఫోటోలో తలల మీదవి నూలు లేక చుట్టుకున్నవి కావు, క్రిస్మసుకు సరదాగా పెట్టుకునే కాగితం టోపీలు. అసలు భయం ఇప్పుడు చెబుతాను. ఇశ్రాయేలు పాస్టరు గారు నాకు ఉత్తరం వ్రాశారు. నీ దగ్గర రెండు బస్తాల గింజలు ఉన్నాయట. వచ్చే నెల బండి కట్టుకొని వచ్చి, తీసుకుపోయి, మద్రాసులో ఓడకు ఎక్కిస్తారట. దయచేసి ఇక్కడ కరువు లేదని చర్చిలో చెప్పు. ఎవరి గింజలు వాళ్లకు ఇచ్చేయి. రెండు బస్తాలూ వచ్చాయంటే మిస్ ప్రాట్ ఇంకా చిలకలు కొంటారు.

నాయనను అర్జీ ఇవ్వనీయకు. నెల రోజులకు వచ్చే మాటైతే, నవంబరు 13న బొంబాయి చేరే ఓడలో చోటు ఉందట. నువ్వు ఊ అంటే మిస్ ప్రాట్ అది పట్టి ఉంచుతారు. లేకపోతే అన్నీ సర్దుకొని ఒకేసారి వచ్చేస్తాను.

నీ దానమ్మ.

మరొక మాట: ఎల్సీ నీ ఫోటో అడిగింది. లేదు కాబట్టి నీ ఉత్తరం ఒకటి ఇచ్చాను. తలకిందులుగా పట్టుకొని రోజూ అందరికీ చదివి వినిపిస్తున్నది. అందులోనూ నువ్వు ఎవరినో తిడుతున్నావట.

*

యెమ్మిగనూరు,
14 ఏప్రిల్ 1953.

నా తల్లి దానమ్మకు, జేజి వ్రాయునది. ఇది చదివి పొయ్యిలో వేయి.

రెండు బస్తాలు లేవు. అర బస్తా ఉంది. మిగతాది తిన్నాము.

ఇంగ్లండుకు కరువు లేదని ఫిబ్రవరిలోనే నాకు తెలుసు. గలేబు చేతికి ఇచ్చినప్పుడు దొరసాని నవ్వి, అంతా విడమరచి చెప్పింది. సిగ్గుతో చచ్చిపోయి, చర్చిలో ఒప్పుకుందామనే ఇంటికి బయలుదేరాను. వచ్చేసరికి అరుగు మీద గిడ్డయ్య చెరుగుతున్నాడు. గంజి కేంద్రానికి రమ్మంటే "నేను అడుక్కునేటోన్నా?" అని నాలుగు రోజులు పస్తున్న మనిషి. ఇప్పుడు "ఇంగ్లండు పని" అని కర్ర తాటించుకుంటూ పొద్దున్నే వస్తాడు. పనికి వచ్చినవాళ్లకు మధ్యాహ్నం సంగటి పెట్టడం ఎక్కడైనా ఉన్నదే కదా, పెడుతున్నాను, తింటున్నాడు. పని లేదని చెబితే రేపు రాడు. నోరు రాలేదు దానమ్మా.

ఉచ్చీరమ్మ కొడుకు బసన్న సంగతి తెలుసు కదా, ముప్పై ఏళ్లు, మూడేళ్ల మనసు. కూలికి పోయేటప్పుడు వాడిని గుంజకు కట్టేసి పోయేది. ఇప్పుడు నా అరుగు మీద రాళ్లు ఏరుతాడు. ఏరినవి మళ్లీ గింజల్లోనే పోస్తాడు. పని తరగదు, అదీ మంచిదే. అట్లా ఒకరొకరు చేరి పదకొండు మంది అయ్యారు.

నిన్న పాస్టరు గారు బండి తోలుకొని రానే వచ్చారు.

"బస్తాలు యాడుండాయి ఉరుకుందమ్మా?"

నేను పొయ్యి వైపు తిరిగాను. గిడ్డయ్యే చాట ఆపకుండా అన్నాడు.

"ఇంగా రాళ్లుండాయయ్యా. రాళ్లతోనే పంపుతారా ఏంది, మన ఊరి మర్యాద పోదూ?"

పాస్టరు గారు అర బస్తా చూశారు. కడిగి బోర్లించిన పదకొండు గిన్నెలూ చూశారు. బసన్న ఆయన అరచేతిలో ఒక రాయి పెట్టాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నారు.

"రాళ్లన్నీ పోయేదానికి ఎన్నాళ్లు పడతాదమ్మా?"

"ఏడాది పట్టొచ్చయ్యా."

"తొందరేం లేదులే," అని, బండిలో నుంచి తన ఇంటి జొన్నల బస్తా దించారు. "ఈటిల్లో గూడా రాళ్లుండాయి. చెరగండి" అని పోయారు.

మొన్న బసన్నకు నీళ్లు పోయబోయి నడుము పట్టేసింది. ఆర్థర్‌ను ఎట్లా లేపుతావో, చెయ్యి ఎక్కడ వేస్తావో బొమ్మ గీసి పంపు. ఇన్నాళ్లూ అక్కడ నీ చేత ఊరికే చాకిరీ చేయించుకుంటున్నారని ఏడ్చాను. అది ఎంత పనో ఇప్పుడు నా నడుముకు తెలిసింది. మీ నాయన వ్రాసిన అర్జీ చించేశాను. ఇంకో ఏడాది ఉండు, ఆ పిల్ల నోరు మూయనీయకు. మిస్ ప్రాట్‌తో ఊ అన్నానని చెప్పు. కానీ నెల రోజులకు వచ్చి పో, నిన్ను చూడకపోతే నేను ఉండలేను.

పదకొండు మందికి ఎసరు పెట్టి వచ్చిన,
నీ జేజి.

మరొక మాట: వచ్చినాక చర్చిలో నిన్ను మాట్లాడమంటారు. అబద్ధం ఆడవద్దు, పాపం. తిండి మాట ఎత్తకుండా చలి గురించే చెప్పు. బొంబాయిలో మద్రాసు మెయిలు ఎక్కు, కిటికీ పక్కన కూర్చోవద్దు. నాయనా నేనూ బసన్నా ఆదోని స్టేషనులో ఉంటాము. రోజు ఖాయం చేసి గోడ మీద బొగ్గుతో వ్రాశాను: నవంబరు 15, ఆదివారం.