కడగని చేతులకు సంతకాలు

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, ఎదురు వీధిలో సెలూన్ నడుపుకొనువాడు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఓపీలో కట్లు కట్టు గదియందు చేతులు కడుగుట గురించి, నా భార్య కాలి బొటనవేలు దక్కించుట గురించి.

1. నా భార్య కాలికి మేకు గుచ్చుకొని తమ ఆసుపత్రికి వచ్చినది. వచ్చిననాడు శనగగింజంత గాయము. మూడు కట్లు అయ్యేసరికి చీము పట్టి వేలు నల్లబడినది. సోమవారానికి తగ్గకపోతే వేలు తీసివేయవలెనని డాక్టరమ్మ సెలవిచ్చినారు. మేకే నయము, ఒక్కసారే గుచ్చినది.

2. కట్లు కట్టునతడు ఒకే కత్తెరతో వరుసగా పదకొండుమంది కట్లు కత్తిరించుట కళ్ళారా చూచితిని. మధ్యమధ్య దానిని ప్యాంటుకు తుడుచుచుండెను. శుభ్రత పట్ల ఆమాత్రం శ్రద్ధ ఉన్నందుకు సంతోషము. "చేతులన్నా కడుక్కో బాబూ" అంటిని. "కుళాయికి నీళ్ళొచ్చి నాలుగు నెలలైంది మామా, నన్నేం చెయ్యమంటావ్?" అన్నాడు.

3. ఆ కుళాయి పక్కనే 'చేతులు కడిగిన రిజిస్టరు' వ్రేలాడుచున్నది. గంటకొక సంతకము. నేను చూచినది పదిహేనో తారీఖు; అందులో ముప్పయ్యో తారీఖు వరకు కడిగేసినారు! ప్రతి పేజీ అడుగున తమరి పచ్చసిరా సంతకము. నీటిబొట్టు లేకుండా ఇన్ని చేతులు కడిగించిన మొనగాడు మరొకడు పుట్టబోడు.

4. నేను గడ్డాలు గీసి బతుకువాడను. మనిషికో బ్లేడు మారుస్తాను. మార్చకపోతే గిరాకీ కుర్చీలోంచి లేచిపోతాడు. తమ దగ్గరికి వచ్చినవాళ్ళకు లేచిపోవుటకు వేరే చోటు లేదు, అదే తమరి ధైర్యము.

5. ఏమయ్యా, సిగ్గులేదూ నీకు? క్షమించవలెను. కొట్టివేయుటకు మనసొప్పక అట్లే ఉంచితిని.

కావున సోమవారము పదిగంటలలోపు కుళాయికి నీళ్ళు, కత్తెర మరిగించుటకు పొయ్యి ఏర్పాటు చేయించగలరు. ఈ ఒక్క కాగితము మాత్రము సంతకము పెట్టకముందే చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు (సోమవారం వరకు),
ఎదురు సెలూన్‌వాడు

తా.క.: నీళ్ళు రాకపోతే నేనే బిందె, సబ్బు తెచ్చి అతని చేతులమీద పోస్తాను. గేటు దగ్గర ఆపొద్దని చెప్పండి సార్, కాళ్ళు పట్టుకుంటాను. ఇందాక మా ఆవిడ అడిగింది: "బొటనవేలు లేకపోతే చెప్పు కాలికి నిలుస్తుందంటారా?" మీరొచ్చి చెప్పండి.