ఒక్క పొయ్యి వెలిగితే చాలు

దీవి నుంచి

ప్రియమైన సిల్వేర్‌కు,

కాలు విరిగి మారిషస్ ఆసుపత్రికి వెళ్ళినవాడివి, ఎముక అతకగానే వచ్చేస్తానన్నావు. రెండు ఓడలు వచ్చాయి, నువ్వు దిగలేదు. అక్కడెవతైనా కొబ్బరిపాలు పోసి చేపల కూర వండిపెడుతోందా ఏం? ఇక్కడ తోటలో నీ వంతు కొబ్బరికాయలూ నేనే ఒలుస్తున్నాను. శనివారం రాత్రి అందరం చేరి ఆడే ఆటలో నేను పాట ఎత్తుకుంటే, "మొగుడు లేకపోయినా గొంతు తగ్గలేదే నీకు" అని జోర్జిన్ అత్త దెప్పుతోంది. కొబ్బరి కొనేవాళ్ళు లేరంటాడు తోట దొర. బియ్యం కూడా తక్కువే దింపారు. నువ్వుంటే ధైర్యం.

నీ ఒర్తాన్స్

పోర్ట్ లూయీ

బంగారం ఒర్తాన్స్‌కు,

ఎవతీ లేదే పిచ్చిదానా. పుండు మానలేదు, చీము పడుతోంది. డాక్టరు కదలొద్దన్నాడు. బెంగపడకు.

నీ సిల్వేర్

పోర్ట్ లూయీ

ఒర్తాన్స్,

నా కాలు ఎప్పుడో బాగైంది. అబద్ధం రాశాను. తిరుగు టికెట్టు అడిగితే, "మీ దీవి అమ్మేశారయ్యా, ఇక మీకు ఓడ లేదు" అన్నాడు గుమాస్తా. నీకెలా చెప్పను? ఈ ఉత్తరం తెచ్చే ఓడ మిమ్మల్ని ఖాళీ చేయించడానికే వస్తోంది. ఎక్కకు. ఎవరేం చెప్పినా ఎక్కకు. అక్కడ ఒక్క పొయ్యి వెలిగితే చాలు, ఇక్కడ చిక్కుకుపోయిన మేం ఎప్పటికైనా తిరిగొస్తాం.

సిల్వేర్

సీషెల్స్

ప్రియమైన సిల్వేర్‌కు,

ఓడ రాగానే దొర సంచి విప్పి ఉత్తరాలు పంచడం రివాజు కదా. ఈసారి తన సామాను సర్దుకునే హడావిడిలో విప్పనే లేదు. "ఇదే ఆఖరి ఓడ, అందరూ ఎక్కాలి" అన్నాడు. జనం గుమ్మాల్లో కూర్చుని "మేం కదలం" అన్నారు. నాకు మాత్రం నీ కాలే కళ్ళలో మెదిలింది. తల దువ్వుకుని, ఉప్పుచేప మూటకట్టుకుని, నీ దగ్గరికే వస్తున్నాననుకుని అందరికంటే ముందు నవ్వుతూ ఎక్కాను.

"పాట ఎత్తేదే పోతుంటే ఇంకెవరి కోసమే ఈ కూర్చోవడం?" అని అత్త లేచింది. ఆమె వెనక అందరూ లేచారు.

నడిసముద్రంలో ఓడ సరంగు ఆ సంచి విప్పి నీ ఉత్తరం ఇచ్చాడు. అత్తకు చదివి వినిపించాను. ఆమె లేచి వెళ్ళి ఓడ అంచున అటు తిరిగి నిలబడింది. తిట్టినా బాగుండేది. తీరా ఓడ మమ్మల్ని ఇక్కడ దింపేసింది, నీ దగ్గర కాదు.

నీ మీద కోపం లేదు. నీ కాలు బాగైందని చదివినప్పుడు ఒక్క క్షణం సంతోషించాను కూడా. తర్వాత వెనక్కి తిరిగి చూశాను. దీవి కనబడలేదు.

నీ ఒర్తాన్స్