చింతగింజ ఓటు

తాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పుంగనూరు సర్కారు బడిలో అయ్యవారుగా నువ్వే మా లీడరు ఎన్నిక జరిపించేవాడివి. ఒకరు తమకిష్టమైనవాళ్ల కుండలో చింతగింజ వేస్తుంటే, మిగతావాళ్లను గోడవైపు తిరగమనేవాడివి. రహస్యం అన్న మాట నాకు అప్పుడే నచ్చింది.

ఈ మదనపల్లె ప్రైవేటు బడిలోనూ పొద్దున రహస్య ఓటు పాఠం చెప్పారు. మధ్యాహ్నం లీడరు ఎన్నిక. కరస్పాండెంటు తన కొడుకును పక్కన నిలబెట్టుకుని, "వీడు కావాలనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు. నీ గోడ గుర్తొచ్చి నేనొక్కదాన్నే ఎత్తలేదు.

"ఎత్తు మే, సూస్తాండాడు," అని పక్కనున్న రెడ్డెమ్మ గిల్లింది.

ఆయన నవ్వుతూనే, "మీ నాయన ఏం జేస్తాడు పాపా?" అని అడిగాడు.

"మన స్కూలు బస్సు తోల్తాడు సార్."

"అట్నా," అన్నాడు.

సాయంత్రం నాయన బస్సును ఎవరో కొత్తాయన తోలుకొచ్చాడు.