ఆడవాళ్ల బాత్రూమ్ తాళం

శనివారం, రాత్రి

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్ చూసి మనవరాలు రూతు ఏడుపు ముఖంతో ఇల్లు చేరింది. ఆ స్టేడియంలో ఆడవాళ్ల బాత్రూమ్‌కు ఎప్పుడూ తాళమే. అందుకని మ్యాచ్ రోజు పొద్దుటి నుంచి నీళ్లే తాగదు. ఆ పిల్ల కిడ్నీలు ఏం కావాలి?

"బాత్రూమ్ తాళం తీయండి" అని పాత దుప్పటి మీద అక్షరదోషం లేకుండా నేనే కుట్టిచ్చాను. గేటు దగ్గర ఆ జట్టు క్లబ్బు వాళ్లు లాక్కున్నారట.

"క్లబ్బు పరువు తీస్తున్నరన్నరు అవ్వా."

"తాళం తీస్తే పరువు నిలుస్తది గద!"

సాయంత్రం అదే క్లబ్బు "అభిమానులే మా ప్రాణం" అని ఫోన్లో పెట్టింది. చూసి ఒళ్లు మండింది.

ఇక వెళ్లొద్దందామనుకున్నాను. మరి తాళం ఎవరు తీయిస్తారు? వచ్చే మ్యాచ్‌కు నేనూ వెళ్తాను. దుప్పటి మీది ఆ మాటే ఈసారి చీర కొంగు మీద కుడుతున్నాను. ఎవడు లాక్కుంటాడో చూస్తాను.