లైన్‌మన్ వచ్చాడండీ

ఏమండీ,

మీరు పోయాక వచ్చిన మొదటి అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ ఇవాళే. టీమ్‌లన్నీ వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకున్నాయి. బంతి పట్టి పరుగెత్తే రిసీవర్లను కాదని, దెబ్బలకు అడ్డం నిలబడే లైన్‌మన్‌నే మన టీమ్ ముందుగా తీసుకుంది. ఏటా టీవీ ముందు మీరు అరిచి అడిగింది ఇదేగా! చప్పట్లు కొడదామంటే నాకు చేతులు రాలేదు.

పెళ్లైన కొత్తలో, లైన్‌మన్ అంటే కరెంటు స్తంభం ఎక్కేవాడనుకున్నాను. మీరు పగలబడి నవ్వి, "ఇద్దరూ సేమేనే! అంతా బాగా నడిచినన్నాళ్లూ వాళ్లనెవరూ తలుచుకోరు," అన్నారు.

పదకొండేళ్లు నేనూ అంతే. చలికాలం పొద్దున నేను బయటికొచ్చేసరికి నా కారు అద్దాల మీద మంచు గీకేసి ఉండేది. ఎవరు గీకారని ఒక్కనాడూ అడగలేదు. మొన్న చలికాలమంతా నేనే గీక్కున్నాను.

కరెంటు పోయిందండీ. ఇప్పుడు ఏ లైన్‌మన్‌కి ఫోన్ చెయ్యను?