బ్రూనో మెడకు రిమోట్ బెల్టు

ఏమండీ,

రేపటికి మీరు పోయి ఏడాది. ఇంట్లో జరుగుతున్నది మీకు చెప్పకపోతే నాకు తోచడం లేదు.

మన సునీత ఒక కుక్కపిల్లను తెచ్చింది. పేరు బ్రూనో, ఐదో నెల. టామీలా ఇదీ రోడ్డెక్కకూడదని బెంజ్ సర్కిల్ నుంచి ఒక ట్రైనర్‌ని కూడా పిలిపించింది. అతను రిమోట్ నొక్కితే మెడకు షాక్ తగిలే బెల్టు పట్టుకొచ్చాడు. నాకు ఆ మనిషి మీద నమ్మకం కుదరలేదు. మరీ నెమ్మదిగా మాట్లాడతాడు.

"రిమోట్ ఇప్పుడే వద్దండీ. ముందు తాడు కట్టి, పిలిస్తే రావడం నేర్పుదాం. ఆర్నెల్లు దాటి, మాట బాగా వినడం వచ్చాక చూద్దాం. అందాకా స్విచ్ ఆపేసి ఊరికే వేసి ఉంచండి, బెల్టు అలవాటవుతుంది," అన్నాడు.

"ఆపేసే ఉందని నాకెలా తెలుస్తుందండీ?" అన్నాను.

"అమ్మా, అవేం మాటలే!" అని సునీత కసిరింది.

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే బెల్టును ముందు నా మణికట్టుకు పెట్టుకుని, రిమోట్‌లో ఉన్న బటన్లన్నీ నొక్కి చూసి, ఆ తర్వాతే బ్రూనోకు వేస్తున్నాను. మొన్న ట్రైనర్ అది చూసి, "మంచి పనేనండీ, నేనూ అలాగే చూసుకుంటాను" అన్నాడు. నన్ను మంచి చేసుకుంటున్నాడని అనుమానం ఇంకా పెరిగింది.

నిన్న ఎవరో గేటు తీసి వదిలేశారు. బ్రూనో బందరు రోడ్డు వైపు దూసుకుపోయింది. గట్టిగా పిలిచాను. ఒక్క పిలుపుకే వెనక్కి తిరిగి వచ్చేసింది.

కిందటేడు టామీ వెనకే మీరు రోడ్డు మీదకు పరిగెత్తినప్పుడూ ఇంత గట్టిగానే పిలిచానండీ. అదీ ఆగలేదు, మీరూ ఆగలేదు.